మీట నొక్కిన వేలు

తొమ్మిదో భాగం

జమీర్‌ను పోయిన వారం సర్వర్ రూములో, సంతకం పడని ఒక కాగితం ముందు కూర్చోబెట్టి వచ్చాం. ఇంకా అక్కడే ఉన్నాడు. కాగితమూ అలాగే ఉంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇది అబూదాబీ పక్కన ముసఫ్ఫాలో, ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో ఒక ఇనుప గొట్టాల ఫ్యాక్టరీ. జమీర్ అక్కడ కంప్యూటర్లు చూసుకునే ప్రొద్దుటూరు కుర్రాడు. అతనికి వీసా తెచ్చిపెట్టినవాడు అక్క మొగుడు నూర్ మొహమ్మద్. పనివాళ్ళుండే క్యాంపుకి ఆయనే బాస్, వాళ్ళను పనుల మీదికి పంపేదీ, షెడ్ల తాళాలు చూసేదీ ఆయనే. నిన్న మధ్యాహ్నం విరామం దగ్గర్నుంచి పీరా అనే పనివాడు కనిపించడం లేదు. ఫోను చేద్దామంటే అతనికి సొంత ఫోను లేదు. సరిగ్గా అదే పూట, గేటు దగ్గర ఎవరు లోపలికొచ్చారో ఎవరు బయటికెళ్ళారో రాసే కంప్యూటర్ ఆగిపోయింది. మధ్యాహ్నం బయటికి వెళ్ళినట్టు పీరా కార్డు పడింది. తిరిగొచ్చినట్టు ఎక్కడా లేదు. మిషన్ దానంతట అదే పాడైందని, పీరా పారిపోయాడని మేనేజర్ రామ్మోహనరావు ఒక కాగితం టైపు చేయించాడు. మిషన్ సంగతి నిజమేనని కింద జమీర్ సంతకం పెట్టాలి. సాయంత్రం నాలుగింటిలోపల పెట్టాలి.

గల్ఫ్ సంగతి తెలిసినవాళ్ళకు ఆ కాగితం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఫలానావాడు పరారీ అని కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఒక్కసారి రాసిచ్చాడంటే, ఇక ఆ మనిషిని వెతికేది పట్టుకుని పంపించేయడానికే. వాడికేమైనా అయిందేమోనని ఎవరూ వెతకరు. అందులోనూ మనిషి కనబడక పూర్తిగా ఒక రోజు గడవలేదు. అప్పుడే ఇంత తొందర దేనికి? పోయిన నెల ఇద్దరు పారిపోతే ఆలస్యంగా చెప్పారని కఫీల్ చివాట్లు పెట్టాడు కాబట్టి, అని రావుగారి జవాబు. జవాబు బాగానే ఉంది. జమీర్‌కి మాత్రం మింగుడుపడలేదు.

పైగా పీరా పారిపోయే మనిషి కాదు. జమ్మలమడుగు దగ్గరివాడు, తాతల కాలం నుంచి దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. క్యాంపులో ఉండలు కట్టిపోయిన దిండ్లన్నీ శుక్రవారం శుక్రవారం విప్పి, దూది ఏకి, ఎండబెట్టి కుట్టిచ్చేవాడు. ఎవరూ అడగకుండానే చేసేవాడు. నిన్న రాత్రి జమీర్ తల పెట్టుకుని పడుకున్న దిండు కూడా పీరా కుట్టిందే. నిద్ర పట్టలేదంటే పట్టదు మరి.

సరే, మిషన్ దగ్గరికి వద్దాం. రెండు నెలల్లో అది ఆగడం ఇది మూడోసారి. మొదటిసారి ఆగినప్పుడు జమీర్ దాన్ని మళ్ళీ ఆన్ చేసి చూస్తే తెర మీద బిలబిలమని వరసలు వరసలుగా ఎర్రర్లు వచ్చాయి. అన్నీ కరెంటు అదుపుకి సంబంధించినవే. ఆ మిషన్‌లో నడిచేది లైనక్స్. దాని నడిబొడ్డున కూర్చుని పని నడిపించే భాగాన్ని కెర్నెల్ అంటారు. కెర్నెల్ నిద్రలేవగానే మిషన్ బోర్డును అడుగుతుంది, నీ వేడి చూడ్డం ఎలా, నీ కరెంటు తగ్గించడం ఎలా, నిన్ను ఆపడం ఎలా అని. బోర్డు తయారుచేసినవాళ్ళు ఆ జవాబులు ముందే రాసిపెట్టి ఉంచాలి. వీళ్ళు అరకొరగా రాశారు. ఫలానా పేరు చెప్పావు, ఆ పేరుతో ఇక్కడేమీ లేదే అని కెర్నెల్ ఎర్రర్ల మీద ఎర్రర్లు పెడుతుంది.

ఎర్రర్ కళ్ళెదుట ఉంటే ఇంకోచోట ఎవడు చూస్తాడు? జమీర్ రెండు నెలలపాటు ఆ వరసల వెంటే పడ్డాడు. ఇంటర్నెట్‌లో ముక్కూమొహం తెలియని పెద్దమనుషులకు ఉత్తరాలు రాశాడు. ఒకాయన కెర్నెల్ మార్చమన్నాడు, మార్చాడు. ఇంకొకాయన బోర్డు లోపలి ప్రోగ్రాం మార్చమన్నాడు, భయపడుతూనే అదీ మార్చాడు. ఫ్యాను మార్చాడు. కరెంటు డబ్బా మార్చాడు. ఎర్రర్లు మాత్రం చెక్కుచెదరలేదు. రెండోసారి ఆగినప్పుడు, పవర్ మేనేజ్‌మెంట్ ఎర్రర్ల వల్ల ఆగిందని రావుగారికి రాసి కూడా ఇచ్చాడు పాపం. చదువుకున్నవాడు కదా, పెద్ద మాట దొరికితే వదల్లేడు.

ఈ మధ్యాహ్నం మాత్రం, మొదటి రోజే చేయాల్సిన పని చేశాడు. ఇలాంటి మిషన్లు రెండు ఒకే లారీలో వచ్చాయి. రెండోది అకౌంట్స్ గదిలో ఉంది, పెట్టిన రోజునుంచి ఒక్కసారి కూడా మొరాయించలేదు. అందరూ భోజనాలకు పోయాక జమీర్ అక్కడికి వెళ్ళి, దాన్ని ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు.

తెర మీద అవే ఎర్రర్లు. అవే పేర్లు, అదే వరస. ఒక్క ముక్క తేడా లేదు.

ఈ ఎర్రర్లే చంపేవైతే ఇది కూడా చావాలి. ఇది దుక్కలా ఉంది. అంటే ఎర్రర్లది తప్పు లేదు. ఎప్పుడూ సణిగే మనిషిలాగా అవి వాటి మానాన అవి సణుగుతున్నాయి, అంతే. రెండు నెలలు తను దొంగని వదిలేసి సణిగేవాడి వెంట పడ్డాడు.

తిరిగి సర్వర్ రూముకొచ్చి తలుపేసుకుని, ఈసారి తీరిగ్గా ఆలోచించాడు. వేడెక్కి ఆగిందా? వేడి హద్దు దాటింది, ఆగిపోతున్నాను అని కెర్నెల్ చెప్పే ఆగుతుంది. ఆ మాట ఎక్కడా లేదు. కరెంటు పోయిందా? పోతే రాస్తున్న మాట సగంలో తెగిపోవాలి, మళ్ళీ లేచినప్పుడు డిస్కు అంతా తడుముకోవాలి. అదీ జరగలేదు. నిన్న ఆ మిషన్ ఒక్కొక్క పనినీ వరసగా ముగించుకుని, అన్నీ సర్దుకుని, దుకాణం కట్టేసినట్టు నిమ్మళంగా ఆగింది. అలా ఆగాలంటే ఎవరో ఆగమని చెప్పాలి.

బటన్లు, మూతలు, ఫ్యాన్లు కదిలిన సంగతులు రాసుకునే లాగ్ ఇంకొకటి ఉంది. అందులో ఎర్రర్లుండవు కాబట్టి జమీర్ దాన్నెప్పుడూ తెరిచి చూడలేదు. ఇప్పుడు తెరిచాడు. నిన్న మధ్యాహ్నం, ఆగడానికి ముందు ఒకే ఒక్క మాట ఉంది. పవర్ బటన్ నొక్కబడింది. లాగ్‌లోనే పైకి, పాత తేదీల్లోకి వెళ్ళి చూశాడు. రెండోసారి ఆగిన రోజు అదే మాట. ఇంకా పైకి వెళ్ళాడు. మొదటిసారి ఆగిన రోజూ అదే మాట.

మిషన్ ముందు మూతకి ఒక చిన్న గుండ్రటి మీట ఉంది. జమీర్ దానివంక చూస్తూ కూర్చుండిపోయాడు. నిజం చెప్పాలంటే భయమేసింది. పాడైన మిషన్‌ని బాగుచేయొచ్చు. తలుపు తీసుకుని లోపలికొచ్చి, వేలు చాచి, నొక్కి, మళ్ళీ తాళం వేసుకుని వెళ్ళిన మనిషిని ఏం చేయాలి? ఆ గదికి తాళంచెవులు రెండే. ఒకటి జమీర్ మొలతాడుకి వేలాడుతుంది. రెండోది రావుగారి గోడబీరువాలో ఉండాలి.

ఇంకో సంగతి కూడా అతని మనసులో మెదులుతోంది. పీరా కార్డు బయటికి పడింది నిజమే. కార్డు బయటికి వెళ్తే మనిషి వెళ్ళినట్టేనా? వేసవిలో మధ్యాహ్నం ఎండలో పనిచేయించకూడదని రూలు. ఆ వేళ అందరూ రోడ్డు దాటి క్యాంపుకి పోయి తిని పడుకోవాలి. గేటు దగ్గర వరసలో నిలబడి ఒక్కొక్కడూ కార్డు గీసేసరికి మాడు పేలిపోతుంది. అందుకని గదికొకడు, అందరి కార్డులూ రబ్బరు బ్యాండు వేసి కట్టగా పట్టుకుని, చకచకా గీసి పారేస్తాడు. మిగతావాళ్ళు తలకి తువ్వాళ్ళు చుట్టుకుని నడిచిపోతారు. రూలు ప్రకారం తప్పే. తెలియనిది ఆఫీసువాళ్ళకొక్కళ్ళకే. నిన్న పీరా గదివాళ్ళ కార్డులన్నీ ఊపిరి తిరగనంత వేగంగా, ఒకదాని తోకన ఒకటి పడ్డాయి. అది కట్ట తప్ప మనుషులు కారు.

జమీర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని రావుగారి గదికి వెళ్ళాడు.

రామ్మోహనరావు రాజమండ్రి మనిషి. మాట చక్కెర. పైన చక్కెర ఎంత ఉంటే లోపల అంత జాగ్రత్తగా చూసుకోవాలని జమీర్ ఈమధ్యే నేర్చుకున్నాడు.

"ఏవయ్యా జమీరూ, సంతకం అయిపోయిందా?"

"లేదు సార్. సర్వర్ రూము రెండో తాళంచెవి మీ దగ్గరుండాల గదా. ఒకసారి చూపిస్తారా?"

రావుగారు కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఎందుకూ?"

"మిషన్ దానంతట అది ఆగలేదు సార్. ఎవరో ఆపినారు."

ఆయన లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. ఎవరో ఆపారంటే ఆశ్చర్యపోవాలి గాని తలుపెందుకు మూస్తాడు అనుకున్నాడు జమీర్.

"మెల్లగా మాట్లాడు బాబూ. గోడలు రేకులు. అయినా ఇదేం కొత్త పాటయ్యా? రెండు నెలల్నుంచీ ఎర్రర్లు, ఎర్రర్లు అని నా ప్రాణం తీసింది నువ్వే కదా? పవర్ మేనేజ్‌మెంట్ వల్ల ఆగిందని నీ చేత్తో రాసిచ్చావు. అది కఫీల్ దాకా వెళ్ళింది. ఇవాళ కాదంటే ఆయన్ని పిచ్చోణ్ణి చేసినట్టు కాదూ?"

"అప్పుడు తప్పు రాసినా సార్."

"ఆ తప్పే ఇప్పుడూ రాయి. నీ సొమ్మేం పోయింది?"

"పీరన్న సంగతేంది సార్? ఆయన బయటికి పోయినాడో లేదో మనకు తెలీదు. లోపలెక్కడన్నా పడిపోయి ఉంటే?"

"లోపల చూశాం. లేడు." ఆ మాట చాలా తొందరగా వచ్చింది. "ఇక తాళంచెవి అంటావా? నా దగ్గరెక్కడుందయ్యా? ఏసీ కడిగించాలని రెండు నెలల కిందట పట్టుకెళ్ళిన మనిషి మళ్ళీ తెచ్చివ్వలేదు. ఎవరో తెలుసా? మీ బావ."

రావుగారు పెన్ను తీసి, మూత విప్పి, అతని ముందు పెట్టాడు.

"ఎవరో ఆపారన్నావుగా. ఆ ఎవరో పేరు రాసిచ్చెయ్. లేదంటే ఎర్రర్ అని సంతకం పెట్టు. రెండిట్లో ఏదైనా నాకు సమ్మతమే. నాలుగింటికి కారు లేబర్ మినిస్ట్రీకి బయల్దేరుతుంది."

మాట మెత్తగానే ఉంది. ఉరితాడు మెడకి వేసి, ముడి మాత్రం నువ్వే బిగించుకో అన్నట్టుంది. జమీర్ పెన్ను ముట్టుకోకుండా బయటికొచ్చాడు.

గేటు దాటుతుంటే వాచ్‌మన్ అమీర్ జాన్ నీడలో కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే పఠాన్, ఇవాళ మొహం తిప్పుకున్నాడు. జమీర్ వదల్లేదు. నిన్న మధ్యాహ్నం ఆ గది కార్డుల కట్ట ఎవరు గీశారని హిందీలో అడిగాడు.

"నూర్ భాయ్ నే మారా. పూరా గడ్డీ, అకేలే," అన్నాడు అమీర్ జాన్. కట్ట మొత్తం నూర్ భాయ్ ఒక్కడే గీశాడట. తర్వాత తన పేరు బయటపెట్టొద్దని చేతులు జోడించాడు. "మేరా నామ్ మత్ లేనా, భాయ్."

రోడ్డు దాటి క్యాంపుకి నడుస్తూ జమీర్ లెక్క వేసుకున్నాడు. గది తాళంచెవి బావ దగ్గర. పీరా కార్డు బావ చేతిలో. ఇంక మిగిలిందేమిటి? పాస్‌పోర్టు కాగితాలకు తిరిగి, అప్పు చేసి, ఏర్‌పోర్టుకొచ్చి తనని కావలించుకున్న మనిషి బావ. ఇంట్లో అక్క, ముగ్గురాడపిల్లలు బావ జీతం మీద బతుకుతున్నారు. బావని అనుమానించడమంటే తను కూర్చున్న కొమ్మని తనే నరుక్కోవడం. అయినా అనుమానం ఆగలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అయినా ఆగలేదు.

నూర్ మొహమ్మద్ గదిలో ఒంటరిగా కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. కంచంలో అక్క పంపిన చెనిక్కాయల పొడి.

"రారా జమీరూ. తిన్నెవా? చెయ్యి కడుక్కో పో, ఇద్దరం తిందాం."

"ఆకలి లేదు బావా. సర్వర్ రూము తాళంచెవి నీ కాడ ఉందంట?"

కలిపే చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఉంటే?"

"నిన్న ఆ మిషన్ బటన్ ఎవురు నొక్కినారు?"

"బటనేందిరా? ఏందో ఎర్రరు వచ్చి ఆగింది అంటివి గదా నువ్వే."

"ఎర్రరు రోజూ వస్తాది బావా. అది లేస్తానే వస్తాది. దానికీ ఆగేదానికీ సంబంధం ల్యా. రొండు నెల్లు నేను పిచ్చోని మాదిరి దాని ఎంబడి పడితి. ఎవురో వేలు పెట్టి నొక్కితే ఆగింది అది. మూడు తూర్లు నొక్కినారు. మూడు తూర్లూ అది రాసి పెట్టుకునింది."

"వేలు ఎవురిదో గూడా రాసుకునిందా?"

"లేదు."

"మళ్ల?"

"మళ్ల నువ్వే చెప్పల్ల."

నూర్ మొహమ్మద్ కంచం పక్కకి జరిపాడు. బావమరిది మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళల్లో కోపం ఉంటుందని జమీర్ సిద్ధపడి వచ్చాడు. కోపం లేదు, అలసట ఉంది.

"నేనే," అన్నాడు.

జమీర్ తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఎందుకు బావా? ఏం చేస్తివి పీరన్నను?"

"ఛీ, నోర్ముయ్! నేనేం చేస్తారా వాణ్ణి? వాని కోసమే నొక్కినా." తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "వాని పెండ్లాం షహర్బాను షాబియాలో ఒక అరబ్బుల ఇంట్లో పనికొచ్చింది, తెల్సు గదా నీకు. మొగుడూ పెండ్లాం ఇంత దగ్గిరుండి ఒకరి మొగం ఒకరు చూసుకోని రొండేండ్లాయ. ఆ ఇంటోళ్ళు పగలు పండుకున్నెప్పుడు ఆయమ్మను రొట్టెల అంగడికి పంపిస్తారు. ఆ కాసేపు మాట్లాడుకుంటామన్నా, ఒక్క పూట ఎట్లన్నా చెయ్యన్నా అని నా కాళ్ళ మీద పడినాడు. రొండు తూర్లూ మద్దేనం పోయి సాయంత్రానికి వచ్చినాడు. కార్డు చూస్తే పూట తప్పినట్లు పడ్తాది, రావు సారు మెమో ఇస్తాడు. మిషనే ఆగిందనుకో, ఆ పూట ఎవురికీ తప్పు పడదు. అందరూ పనిలో ఉండినట్లే రాసుకుంటారు."

"అది ఆపేది నీకెవరు చెప్పినారు?"

"నువ్వే. ఆ ముందర బటన్ మీద చెయ్యి పెట్టొద్దు బావా, తాకితే అదే అన్నీ సర్దుకుని ఆగిపోతాది అని ఏసీ కడిగే దినం నువ్వే అంటివి."

జమీర్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జర్మనీ నుంచి ఒకాయన, బ్రెజిల్ నుంచి ఒకాయన తలలు పట్టుకుని వైద్యం చెప్పిన జబ్బు ఇదా! మొగుడూ పెళ్ళాం రొట్టెల అంగడి దగ్గర కాసేపు నిలబడి మాట్లాడుకోవడమా! బావ మీద ఒక్కసారిగా పట్టరానంత ప్రేమ వచ్చింది. ఇంతసేపూ ఈ మనిషినా అనుమానించాను అనిపించింది. ఆ ప్రేమ వెనకాలే ఇంకో ప్రశ్న వచ్చింది.

"నిన్న గూడా పోతానని అడిగినాడా పీరన్న?"

నూర్ మొహమ్మద్ తల అడ్డంగా ఊపాడు.

"అడగల్యా. నిన్న లేబర్ ఇన్‌స్పెక్టర్లు వస్తాండారని ఒకటే ఆత్రం. మీరు నడవండ్రా, కార్డులు నేను కొడతా అని కట్ట నేనే తీసుకుంటి. ఈడికొచ్చినంక అందరూ కార్డులు తీసుకున్యారు. పీరాది నా చేతిలోనే మిగిల్యా. ఓహో, ఈసారి చెప్పకుండా పోయినాడే నా కొడుకు అనుకుంటి. నవ్వుకుంటి గూడా. పోయి బటన్ నొక్కి వస్తి."

"రాత్రికి గూడా రాకపాయె గదా బావా! అప్పుడన్నా అనుమానం రాలేదా?"

"వచ్చింది. ఆయమ్మ ఆ ఇంట్లో ఉండలేకుండా ఉందని వాడు ఏడుస్తాండె. ఆమె తమ్ముడు దుబాయ్‌లో, ఇంటర్నేషనల్ సిటీలో ఉండాడు. ఇద్దరూ కల్సి ఆడికి ఎల్లిపోయినారేమో అనుకుంటి. పోనీలే, యాడన్నా బతకనీలే అని నోరు మూసుకుంటి. పరారీ అని రాసినా రాయనీలే, వాళ్ళు దూరం పోయేదానికి ఒక దినం దొరుకుతాది అని..."

మంచం మీద ఫోను మోగింది. నూర్ మొహమ్మద్ చెయ్యి ఎంగిలిది. ఎత్తమని కళ్ళతో సైగ చేశాడు. జమీర్ ఎత్తాడు.

"అన్నా, నేను షహర్బానును. అంగడి ఫోన్ నుంచి చేస్తాండా."

"వదినా, జమీర్‌ను. చెప్పు." అల్లా దయవల్ల ఇద్దరూ క్షేమమే అనుకున్నాడు. "మీరు యాడుండారు? పీరన్న నీ పక్కనే ఉండాడా?"

"నా పక్కన ఎందుకుంటాడు? నేను ఈడ షాబియాలో ఉండా, పని ఇంటి కాడ. ఆయన మీ కాడ కదా ఉండేది?"

"నిన్న... నిన్న నీ కాడికి రాలేదా?"

"లేదే. నిన్న వస్తానని చెప్పనే ల్యా. జమీరూ, ఈడ అంగట్లో ఎవురో అనుకుంటాండారు, మీ ఫ్యాక్టరీలో ఒక మనిషి కనపడల్యా అంట గదా? ఎవురబ్బా ఆ మనిషి? మావోళ్ళు ఎవురన్నానా?" ఆమె గొంతులో ఇంకా భయం లేదు. ఎవరో పరాయివాడి మీద జాలి మాత్రమే ఉంది. "పాపం, ఆయప్పకు గూడా ఇంటి కాడ ఆడమనిషి ఉంటాది గదా. మా ఆయన్ను ఒకసారి పిలువు, మాట్లాడి పోతా."

మళ్ళీ చేస్తానొదినా అని జమీర్ ఫోను పెట్టేశాడు. ఆ మాటలన్నీ నూర్ మొహమ్మద్‌కి కూడా వినబడ్డాయి. ఎంగిలి చెయ్యి అలాగే గాలిలో నిలబడిపోయింది.

ఆమె తన మొగుడు ఫ్యాక్టరీలో ఉన్నాడనుకుంది. వీళ్ళు ఆమె దగ్గరున్నాడనుకున్నారు. గది వాళ్ళందరూ అదే అనుకుని, వాడి సరదా చెడగొట్టకూడదని నోళ్ళు మూసుకున్నారు. ఇంతమంది ఇంత ప్రేమగా నోరు మూసుకోబట్టే, ఒక్కడంటే ఒక్కడు కూడా పీరా కోసం వెతకలేదు.

"బావా," అన్నాడు జమీర్. "నిన్న పొద్దున పీరన్నను యాడ పనికి పెట్టినావు?"

"యాడ... నిన్న పొద్దున... పాత షెడ్డులోకి పంపితి. ఆడ పడి ఉండే ప్యాకింగ్ పట్టీలు ఏరుకుని రమ్మని."

"ఆన్నుంచి బయటికొచ్చింది నువ్వు చూసినావా?"

నూర్ మొహమ్మద్ గోడకున్న తాళాల గుత్తి వంక చూశాడు.

"ఇన్‌స్పెక్టర్లు గేటు కాడికి వచ్చినారని అమీర్ జాన్ ఫోన్ చేస్తే, అన్ని షెడ్లకూ గబగబా తాళాలు ఏసుకుంటా పోతి. లోపలికి తొంగి సూడల్యా జమీరూ. ఆ షెడ్డుకు తాళం నేనే ఏసినా."

చెయ్యి కడుక్కోలేదు, చెప్పులు వేసుకోలేదు. గోడకున్న తాళాల గుత్తి లాక్కుని ఇద్దరూ పరుగు తీశారు. గేటు దగ్గర అమీర్ జాన్ లేచి నిలబడి ఏదో అడిగాడు, ఇద్దరిలో ఎవరికీ వినబడలేదు. కాలే సిమెంటు మీద నూర్ మొహమ్మద్ ఉత్తికాళ్ళతో పరుగెత్తుతున్నాడు. కాలుతున్నట్టు కూడా ఆయనకు తెలియలేదు.

పాత షెడ్డు ఫ్యాక్టరీకి ఆ కొసన, కంప్రెసర్ల పక్కన ఉంది. అంతా రేకులే, కిటికీ అన్నమాటే లేదు. సరుకు కంటెయినర్ వచ్చిన రోజు తప్ప దాన్ని ఎవరూ తెరవరు. పక్కనే కంప్రెసర్లు రాత్రీ పగలూ ఒకటే హోరు. ఆ హోరులో లోపలినుంచి ఎవరు ఎంత గట్టిగా అరిచినా బయటికి వినబడదు. జమీర్ తలుపు మీద రెండు చేతులతో బాదాడు. రేకు చురుక్కున కాలింది.

"పీరన్నా! పీరన్నా! నేను జమీర్‌ను!"

జవాబు వచ్చిందో లేదో ఆ హోరులో తెలియలేదు. చెవి ఆనించబోతే చెంప కాలింది, అయినా ఆనించాడు. ఏమీ లేదు. వెనక్కి తిరిగి బావ చేతులవంక చూశాడు. "తియ్యి బావా! యల్లా, తొందరగా!"

నూర్ మొహమ్మద్ గుత్తిలోంచి ఒక చెవి ఏరి తాళంలో పెట్టాడు. వెళ్ళలేదు. తీసి, బనీనుకి తుడిచి, మళ్ళీ పెట్టాడు. వెళ్ళలేదు. ఇంకొకటి పెట్టాడు. ఇంకొకటి. చివరికి తాళాన్నే అరచేతిలోకి తీసుకుని దగ్గరగా చూశాడు. అది పసుపు పచ్చగా మెరుస్తోంది. దుమ్ములేదు, గీత లేదు, అంగట్లో పూసిన నూనె కూడా ఇంకా ఆరలేదు.

"బావా, ఏమైంది? తియ్యి!"

నూర్ మొహమ్మద్ మెల్లగా తలెత్తాడు. ఆయన చూపు జమీర్ భుజం మీదుగా, దూరంగా ఆఫీసు కిటికీ అద్దాల వైపు పోయింది.

"ఇది నేను ఏసిన తాళం గాదు, జమీరూ."